రంగం పెట్టెలో వంద నోటు: బర్మా కలిసుండాలా, ముక్కలవ్వాలా?

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. 1964లో మా నాయనమ్మ రంగం నుంచి తెచ్చుకుంది. బర్మా (ఇప్పటి మయన్మార్) పాత రాజధాని రంగూన్‌ని మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. పెట్టె అడుగున, పాత చీర ముక్కలో చుట్టి, నాలుగు నోట్లు ఉంటాయి. వంద చాట్ల నోట్లు. (ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం క్యాట్ అని చదువుతాం. అక్కడివాళ్ళు పలికేది చాట్.) మడతల దగ్గర చిరుగు పట్టింది గానీ నోటు మీద బొమ్మ ఇంకా తెలుస్తూనే ఉంది. ఆ బొమ్మ ఆంగ్ సాన్‌ది, బర్మా స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడిది.

1964 మే నెలలో అక్కడి సైనిక ప్రభుత్వం యాభై, వంద నోట్లు చెల్లవని ప్రకటించింది. మా తాత పదిహేనేళ్ళు కూడబెట్టిన సొమ్ములో చాలా భాగం ఆ రోజుతో కాగితమైపోయింది. ఓడలో మద్రాసు చేరి, అక్కణ్ణుంచి రైల్లో ఆమదాలవలసలో దిగేటప్పటికి నాయనమ్మ చేతిలో మిగిలింది ఈ పెట్టె, ముగ్గురు పిల్లలు.

ఈ మధ్య గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడు ఆ నోట్లు చూస్తూ అడిగాడు. "అక్కడ డెబ్భై ఏళ్ళ పైనుంచి కొట్టుకుంటూనే ఉన్నారు కదా మావయ్యా, పడనప్పుడు విడిపోతే పోలా? మనం 2014లో విడిపోలేదా?"

వాడు సరదాకి అడగలేదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నాక బర్మా గురించి చాలామంది ఇదే అడుగుతున్నారు. దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. 1953లోనైనా, 2014లోనైనా మనం రాష్ట్రాలుగా విడిపోయాం, దేశంగా కాదు. పాస్‌పోర్టు మారలేదు, రూపాయి మారలేదు, హైదరాబాదులో ఉన్న శ్రీకాకుళం మేస్త్రీ రాత్రికి రాత్రి విదేశీయుడైపోలేదు. సమాఖ్య (ఫెడరల్) అంటే అది. ఇంటి లోపల గదులు వేరుచేసుకుంటాం, పునాది ఒకటే ఉంటుంది. బర్మాలో కొండ జాతులు 1947లో అడిగింది సరిగ్గా ఇదే. ఆ గదులు దొరకనందుకే ఇల్లు విడిచి పోతామనే మాట తర్వాత వచ్చింది. ఈ వరస తలకిందులైతే బర్మా కథ అర్థం కాదు.

బర్మా పటం ఒకసారి మనసులో పెట్టుకోండి. నడుమ ఐరావతి నది మైదానం, అక్కడ ఎక్కువమంది బర్మన్లు. దేశ జనాభాలో దాదాపు మూడింట రెండొంతులు వాళ్ళే. చుట్టూ గుర్రపు నాడాలా కొండలు. వాటిలో షాన్, కచిన్, చిన్, కరెన్, కరెన్ని (ఇది వేరే జాతి), ఇంకా ఎన్నో జాతులు. ప్రభుత్వ జాబితాలోనే 135 జాతుల పేర్లున్నాయి. ఇంగ్లీషువాళ్ళు మైదానాన్ని ఒకలా, కొండల్ని ఒకలా పాలించారు. మైదానానికి శాసనసభ, మంత్రులు. కొండలకు పాత సంస్థానాధీశులు, పైన గవర్నరు. షాన్ సంస్థానాధీశుల్ని సొబ్వాలనేవాళ్ళు. దగ్గర దగ్గర సగం నేల అలా వేరే పాలనలో ఉండిపోయింది. కాబట్టి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ రెండు భాగాలూ ఒక కప్పు కింద కాపురం చేసి ఎరగవు.

వాళ్ళని ఒప్పించి కలిపినవాడు ఆంగ్ సాన్. 1947 ఫిబ్రవరి 12న షాన్ కొండల్లో పాంగ్‌లాంగ్ అనే చిన్న ఊళ్ళో షాన్, కచిన్, చిన్ నాయకులు ఆయనతో ఒప్పందం రాసుకున్నారు. కొండ ప్రాంతాల లోపలి పాలనలో పూర్తి స్వయంప్రతిపత్తిని సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నామని అందులో ఉంది. "బర్మాకు ఒక చాట్ దొరికితే మీకూ ఒక చాట్ దొరుకుతుంది" అని ఆయన కొండవాళ్ళకు మాటిచ్చాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అయిదు నెలలకే, జూలై 19న, మంత్రివర్గ సమావేశంలో ఉండగా ఆయన్ని కాల్చి చంపేశారు. అప్పటికి ఆయనకి ముప్ఫై రెండేళ్ళు. ఆ మాటిచ్చిన మనిషి బొమ్మే మా పెట్టెలోని నోటు మీద ఉంది.

పాంగ్‌లాంగ్ గురించి మెచ్చుకోలుగా రాసేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తుంటారు. కరెన్ నాయకులు అక్కడ కూర్చుని చూశారే తప్ప సంతకం పెట్టలేదు. మోన్ జాతివాళ్ళకి, పడమటి తీరాన అరకాన్ వాళ్ళకి సంతకంలో చోటే లేదు. అంటే దేశానికి పునాది పడిన రోజునే కొందరు గడప అవతల ఉండిపోయారు. 1949 జనవరి కల్లా కరెన్లు తుపాకి పట్టారు.

1947లోనే రాసుకున్న రాజ్యాంగంలో ప్రపంచంలో చాలా కొద్ది దేశాలు మాత్రమే రాసుకున్న ఒక అధ్యాయం ఉంది. పదేళ్ళ తర్వాత విడిపోయే హక్కు. షాన్, కరెన్ని రాష్ట్రాలకు ఆ వీలు ఇచ్చారు. కచిన్‌కి ఇది వర్తించదని విడిగా రాసిపెట్టారు. ఈ అధ్యాయమే కొంప ముంచిందని బర్మా సైన్యం అరవై ఏళ్ళుగా చెబుతోంది. మన దగ్గర కూడా కొందరు ఆ మాట నమ్ముతారు. ఆ పదేళ్ళూ, ఆ తర్వాతా నిజంగా ఏం జరిగిందో చూస్తే ఆ మాట నిలవదు.

1958 జనవరికి గడువు పూర్తయింది. షాన్‌లు విడిపోలేదు. 1959లో సొబ్వాలు తమ వారసత్వ అధికారాలు కూడా వదులుకున్నారు. 1961లో తౌంజీలో కూర్చుని వాళ్ళు తయారుచేసిన కోరికల్లో వేరే దేశం లేదు, రాజ్యాంగాన్ని నిజమైన ఫెడరల్‌గా మార్చమన్న మాట ఉంది. ఎందుకంటే 1947 రాజ్యాంగంలో రాష్ట్రం అన్న పేరు ఉంది, పని లేదు. షాన్ రాష్ట్రానికి విడిగా ఎన్నికలు లేవు. రంగూన్ పార్లమెంటుకు ఎన్నికైన షాన్ సభ్యులే రాష్ట్ర మండలి. దాని పెద్ద పేరు సూచించేది దేశ ప్రధానమంత్రి. పైగా బర్మన్ల మైదానానికి వేరే రాష్ట్రమే లేదు, దేశ ప్రభుత్వమే దాని ప్రభుత్వం. ఉమ్మడి కుటుంబంలో పెద్దన్న వాటాకీ ఉమ్మడి ఆస్తికీ ఒకటే తాళం అన్నమాట. మిగతా తమ్ముళ్ళు ఖర్చులకి అడుక్కోవాలి. షాన్‌లు అడిగింది మైదానాన్ని కూడా అందరితోపాటు ఒక రాష్ట్రం చేయమని.

ఈ మధ్యలో 1961లోనే ప్రధానమంత్రి ‘ఊ ను’ బౌద్ధాన్ని రాజమతం చేశారు. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న కచిన్ కొండల్లో అప్పటికే రాజుకుంటున్న మంట ఇంకా లేచింది. 1962 ఫిబ్రవరిలో ఫెడరల్ సవరణల మీద రంగూన్‌లో సదస్సు మొదలైంది. అది ముగియకుండానే మార్చి 2 తెల్లవారుజామున జనరల్ నే విన్ ట్యాంకులు దించాడు. దేశ మొదటి రాష్ట్రపతిగా చేసిన షాన్ సొబ్వా సావ్ ష్వే థైక్‌ని పట్టుకెళ్ళారు, ఆ రాత్రే ఆయన కొడుకుని కాల్చేశారు. ఆయన ఆ నవంబరులో జైల్లోనే చనిపోయారు. ఫెడరల్ అంటే దేశం ముక్కలవడమేనని సైన్యం వాదన.

నాకు ఇక్కడ చాలా బాధ కలుగుతుంది. విడిపోయే హక్కు చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని పక్కనపెట్టి, కలిసుండటానికి దారి వెతుకుతూ రాజధానికి వచ్చి కూర్చున్నారు. వాళ్ళని అక్కడే పట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్ళ పిల్లలు కొండెక్కి తుపాకి పట్టారంటే ఆశ్చర్యం ఏముంది?

ఫెడరల్ అన్న మాట బోర్డు మీద ఉంటే సరిపోదు. నేనైతే నాలుగు ప్రశ్నలు అడుగుతాను. పన్నుల డబ్బు ఎవరి చేతిలో ఉంది? పోలీసు ఎవరి మాట వింటాడు? బడిలో ఏ భాషలో చెప్పాలో ఎవరు తేలుస్తారు? భూమి, గనులు ఎవరివి? 2008లో సైన్యం రాయించిన రాజ్యాంగం ఏడు రాష్ట్రాలు, ఏడు ప్రాంతాలు పెట్టి, ఒక్కోదానికి శాసనసభ కూడా ఇచ్చింది. కానీ ముఖ్యమంత్రిని నియమించేది రాష్ట్రపతి. 2015 ఎన్నికల్లో అరకాన్ (రఖైన్) రాష్ట్ర సభలో స్థానిక పార్టీ ఎక్కువ స్థానాలు గెలిచింది. అయినా ముఖ్యమంత్రిగా కూర్చున్నది దేశ స్థాయిలో గెలిచిన ఆంగ్ సాన్ సూచీ పార్టీ మనిషి. సైన్యం చేసిన పని కాదిది, జనం ఎన్నుకున్న ప్రభుత్వం చేసిందే. భూమి, భూగర్భంలోని సంపద అంతటికీ అంతిమ యజమాని దేశ ప్రభుత్వమేనని 37వ సెక్షన్. కచిన్ కొండల్లో ఫకాంత్ దగ్గర తవ్వే పచ్చరాయి (జేడ్) ప్రపంచంలోనే పేరున్నది. అది తవ్వే కొండల కింద బతికే కచిన్లకి దాని మీద హక్కు లేదు. ఏ భాగమూ ఎన్నటికీ విడిపోరాదని 10వ సెక్షన్. పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానివి, సవరణకి మూడొంతుల పైన ఓట్లు కావాలి. కాబట్టి సైన్యం ఊ అనకపోతే ఒక్క అక్షరం మారదు.

2017లో శాంతి చర్చల్లో ఈ విడిపోరాదన్న వాక్యం దగ్గరే బండి ఆగిపోయింది. రాసివ్వండి అని సైన్యం పట్టుపట్టింది. జాతుల నాయకులు ఒప్పుకోలేదు. ఇష్టపడి వచ్చి కలిసినవాళ్ళం, పోమని ప్రమాణపత్రం ఎందుకు రాయాలన్నది వాళ్ళ మాట. నాకు అది న్యాయమైన మాటే అనిపిస్తుంది.

సరే, మరి మా మేనల్లుడి ప్రశ్న? విడగొట్టేస్తే?

దీనికి జవాబు కోసం బర్మా దాకా పోనక్కరలేదు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. నౌపడా దగ్గర మొదలైన రైలు పట్టాలు టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోతాయి. మధ్యలో రాష్ట్రం మారిందని పట్టాలకి తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటుని చీల్చారు. ఊరు అటు, కింద పల్లెలు చాలా ఇటు. ఊళ్ళో ఒడియా, తెలుగు రెండూ వినబడేవి. ఒడియావాళ్ళకి వాళ్ళ రాష్ట్రం వాళ్ళకి రావడం న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊళ్ళోనే పాఠాలు చెప్పి, అక్కడే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. డెబ్భై దాటిన వయసులో ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. గీత తెలుగుకీ ఒడియాకీ మధ్య గీశారు. పంతులుగారు ఎవరి కోసం అంత పాటుపడ్డారో ఆ సవరల ఇళ్ళు గీతకి రెండు పక్కలా ఉండిపోయాయి. ఇక సాలూరు పైన కొటియా పల్లెలు. అవి ఏ రాష్ట్రానివో తేల్చమని 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగాదా, 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు కూడా మళ్ళీ కోర్టుకెక్కింది. అక్కడి కుటుంబాల్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నవాళ్ళున్నారు.

ఇవి రాష్ట్రాల మధ్య గీతలు. తప్పు గీసినా మనిషి ప్రాణం పోదు. కార్డు మారుతుంది, బస్సు మారుతుంది. దేశాల మధ్య గీత తప్పితే అలా ఉండదు.

ఇప్పుడు బర్మాలో గీయండి చూద్దాం. కరెన్లకి వేరే దేశం అనుకుంటే, తూర్పు కొండల్లో కరెన్ రాష్ట్రం ఒకటి ఉంది నిజమే. కానీ కరెన్లలో ఎక్కువమంది ఉండేది ఆ రాష్ట్రం బయట, ఐరావతి డెల్టా వరి పొలాల్లో, బర్మన్ల పల్లెల పక్కన. కొండ వరకే గీస్తే సగం మంది పైగా అవతల దేశంలో మిగిలిపోతారు, డెల్టా కూడా కలిపి గీస్తే బర్మన్లు ఊరుకోరు. షాన్ రాష్ట్రం ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. దాని లోపల దను, పఓ, పలౌంగ్, కోకాంగ్, వా జాతులకు 2008 రాజ్యాంగమే విడివిడిగా స్వయంపాలక ప్రాంతాలు కేటాయించింది. షాన్ దేశం ఏర్పడితే రేపు పొద్దున్న పలౌంగ్‌లు వచ్చి మా సంగతేంటి అంటారు. వాళ్ళు అడగటం తప్పు కాదు. అరకాన్‌ని చూడండి. అక్కడి బౌద్ధ రఖైన్లు రంగూన్ పెత్తనం మీద పోరాడారు. ఆ నేల మీదే రోహింగ్యాలు కూడా ఉన్నారు. 2017 ఆగస్టు తర్వాత సైన్యం దాడులకు ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. అరకాన్ వేరే దేశమైతే వాళ్ళు ఎవరి మనుషులవుతారు?

విడిపోయాక సుఖపడ్డవాళ్ళు లేరని నేను అనను. చెకోస్లొవేకియా 1993లో రక్తం చుక్క పడకుండా రెండైంది. అక్కడ చెక్‌లు ఒక పక్క, స్లొవాక్‌లు ఒక పక్క, గీత అప్పటికే ఉంది. దక్షిణ సూడాన్‌లో 2011లో ఓటేసినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా విడిపోదామన్నారు, జూలై 9న కొత్త జెండా ఎగిరింది. 2013 డిసెంబరులో ఆ కొత్త దేశంలోనే దింకా, నుఎర్ జాతుల నాయకుల మధ్య యుద్ధం మొదలైంది. ఉత్తరం పెత్తనం పోయింది గానీ, ఇంట్లో వాటాలు ఎలా పంచుకోవాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మనకి దగ్గర్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. మిజోలు, బర్మాలోని చిన్‌లు దగ్గరి బంధువులు. మధ్యలో ఉన్నది సరిహద్దు ఒక్కటే. 1966లో మిజోలు భారతదేశం నుంచి విడిపోతామని తిరగబడ్డారు. మన ప్రభుత్వం కూడా వాళ్ళ మీద విమానాలతో దాడి చేసింది, ఊళ్ళు ఖాళీ చేయించింది. ఆ సంగతి దాచకూడదు. కానీ 1986లో ఒప్పందం కుదిరింది, 1987లో మిజోరం రాష్ట్రమైంది, అడవిలో తుపాకి పట్టిన నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. సరిహద్దు అవతల చిన్‌లకి పాంగ్‌లాంగ్‌లో మాటిచ్చి డెబ్భై అయిదేళ్ళు దాటింది. 2021 తర్వాత వాళ్ళు వేల మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ మిజోరంకే వచ్చారు. ఫెడరల్ పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే ఆ కొండకి అటూ ఇటూ చూడమంటాను.

ఇప్పుడు నడుస్తున్నది మూడో దారి. పేరుకి బర్మాలోనే ఉంటారు, పాలన మాత్రం వాళ్ళదే. 1989 నుంచి వా జాతి సైన్యం అలాగే ఉంది. చైనా సరిహద్దున వాళ్ళ నేలలో చైనా యువాన్ చెల్లుతుంది, చైనా సిమ్ పనిచేస్తుంది, దేశ ప్రభుత్వ అధికారి వాళ్ళ అనుమతి లేకుండా అడుగు పెట్టలేడు. అరకాన్ సైన్యం (రఖైన్ల సాయుధ దళం) కూడా మాకు అలాంటి హోదానే కావాలని 2019లోనే చెప్పింది. జాతుల సాయుధ దళాలు కలిసి బర్మా సైన్యం మీద చేసిన 2023 అక్టోబరు 27 దాడుల తర్వాత అరకాన్‌లో చాలా భాగం దాని చేతికొచ్చింది. దీన్ని పరిష్కారం అనుకోవడానికి నాకు మనసొప్పదు. తుపాకి ఎంత పెద్దదైతే హద్దు అంత దూరం జరుగుతుంది. చిన్న జాతికి, సైన్యం లేని జాతికి అందులో చోటు ఉండదు.

నా మటుకు నేను నిజమైన ఫెడరల్ వైపే. డబ్బు, పోలీసు, బడి, భూమి నాలుగూ రాష్ట్రాలకి రాసిచ్చి, మైదానం బర్మన్లు కూడా అందరిలా ఒకరుగా కూర్చునే ఏర్పాటు. కానీ మా ఇంటి కథ తెలిసినవాణ్ణి కాబట్టి దాన్ని కూడా గుడ్డిగా నమ్మలేను. ఎందుకంటే బర్మాలో ఫెడరల్ అన్నవాళ్ళూ, విడిపోదామన్నవాళ్ళూ ఇద్దరూ లెక్కపెట్టింది జాతుల్నే. ఏ జాతికి ఏ నేల అన్నదే ఇద్దరి పేచీ. మరి నేల లేనివాళ్ళ మాటేమిటి?

1931 నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైన. రంగూన్ జనంలో సగానికి పైగా మనవాళ్ళే. కళింగపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి పోయి బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసింది ఎక్కువగా తెలుగు కూలీలు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలనేవాళ్ళు. 1930 మేలో ఆ రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మన్లని పనిలో పెట్టారు. సమ్మె అయ్యాక మనవాళ్ళని తిరిగి తీసుకుని బర్మన్లని పొమ్మన్నారు. రెండు పక్కలా ఆకలితో ఉన్న కూలీలే. రంగూన్ వీధుల్లో మనుషుల్ని నరుక్కున్నారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. పర్లాకిమిడి గీత పడి సరిగ్గా ఏడాది. 1942లో జపాన్ బాంబులకి లక్షల మంది అడవుల్లో నడిచి వచ్చారు, దారిలో వేల మంది పోయారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. మా తాత వాళ్ళలో ఒకడు.

1948 చట్టం కింద పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. మా తాత పెట్టలేదు. "ఎన్నాళ్ళున్నా మనూరే పోతాం కదేటి" అనేవాడట. ఆ మాటకి నాయనమ్మ చివరిదాకా ఆయన్ని తిట్టుకుంది. నే విన్ వచ్చాక దుకాణాలు జాతీయం చేశారు, నోట్లు రద్దు చేశారు, రెండు మూడేళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బయటికి నడిచారు. విశాఖలో బర్మా క్యాంప్ అలా వచ్చిన పేరే. మిగిలిపోయినవాళ్ళ మీద 1982 పౌరసత్వ చట్టం పడింది. 1823కి ముందు నుంచి ఆ నేల మీద ఉన్న జాతులే పుట్టుకతో పూర్తి పౌరులు. 135 పేర్ల జాబితాలో తెలుగు లేదు, రోహింగ్యా లేదు. షాన్‌కి రాష్ట్రం ఇచ్చినా, కరెన్‌కి దేశం ఇచ్చినా ఆ జాబితా అలాగే ఉంటే వీళ్ళ బతుకులో ఏమీ మారదు.

మేనల్లుడికి ఇదంతా చెప్పాక వాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే నాయనమ్మమ్మది ఏ రాష్ట్రం అయ్యుండేది మావయ్యా?" అన్నాడు. నాయనమ్మని వాడు అలాగే పిలిచేవాడు.

2021 మార్చి 31న సైన్యాన్ని ఎదిరిస్తున్న ప్రజాప్రతినిధులు ఫెడరల్ ప్రజాస్వామ్య చార్టర్ ప్రకటించారు, 2008 రాజ్యాంగం రద్దయినట్టేనన్నారు. జూన్ 3న వాళ్ళ జాతీయ ఐక్యతా ప్రభుత్వం రోహింగ్యాల గురించి ఒక ప్రకటన చేసింది. 1982 చట్టాన్ని తీసేసి, బర్మాలో పుట్టినా, బర్మా పౌరులకు ఎక్కడ పుట్టినా పౌరసత్వం వచ్చేలా కొత్త చట్టం తెస్తామని అందులో ఉంది. అరకాన్ సైన్యం చేతిలో ఉన్న నేల మీద ఈ మాట ఎలా అమలవుతుందో ఇంకా తేలాలి. చార్టర్ మీద జాతుల నాయకులు అడిగే ప్రశ్నలు కూడా చాలా ఉన్నాయి. అయినా ఆ వాక్యాన్ని వాడికి రెండుసార్లు చదివి వినిపించాను. మా నాన్న 1959లో రంగంలో, రేవు పక్క వీధిలో పుట్టాడు.